అంతరంగ స్వస్థత బోధ: గుంటూరు, విజయవాడ సంఘాల్లో ఏం మారుతోంది?

క్లుప్తంగా

గుంటూరు, విజయవాడ పరిసరాల సువార్త సంఘాల్లో స్వస్థత ప్రార్థన ఒంటి జబ్బుల నుంచి మనసు గాయాల వైపు మళ్లుతోంది. దీన్నే అంతరంగ స్వస్థత అంటారు. చిన్ననాటి అవమానాలు, తండ్రి తాగుడు, కాపురంలో దెబ్బలు, చదువుల ఒత్తిడి ఇప్పుడు ప్రసంగాల్లో చోటు చేసుకుంటున్నాయి. ఈ బోధ మూలాలు ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఉన్నాయి. ఇక్కడి కూడికల తీరుతో కలిశాక అది కొందరికి మేలు చేస్తోంది, మరికొందరికి కొత్త గాయాన్ని మిగులుస్తోంది. ఈ తేడా సిద్ధాంతం వల్ల వచ్చేది తక్కువ. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది, ఎవరి ఎదుట చెప్పించారు అన్న వాటిని బట్టి వచ్చేదే ఎక్కువ.

మందూ ప్రార్థనా కలిసి నడిచిన ఊరు

గుంటూరులో ప్రొటెస్టెంట్ క్రైస్తవ్యం, ఆధునిక వైద్యం ఇంచుమించు జంటగానే వేళ్లూనుకున్నాయి. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో ఇక్కడికి చేరారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్, మగ వైద్యులకు చెయ్యి కూడా చూపించని ఇళ్లలోని స్త్రీలకు చికిత్స చేస్తూ, 1898 నాటికి ఆసుపత్రి తెరిచారు. ఊరు దాన్ని ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తుంది. 1927లో ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘానికీ గుంటూరే కేంద్రమైంది. ఈ సంప్రదాయంలో రోగి మంచం పక్కన పాస్టరు ప్రార్థన చేసేవాడు, డాక్టరు మందు ఇచ్చేవాడు. ఒకరి పని మరొకరికి అడ్డమని ఎవరూ అనుకోలేదు.

ఆ రెంటినీ పోటీకి నిలిపిన బోధ వేరే చోట పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో ఎ.బి. సింప్సన్ వంటి బోధకులు యెషయా 53వ అధ్యాయాన్ని కొత్తగా వివరించారు. ‘అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది’ అన్న వాక్యం పాపక్షమాపణకే పరిమితం కాదని, దేహ స్వస్థత కూడా సిలువలోనే ఇమిడి ఉందని వారు చెప్పారు. పరిశుద్ధాత్మ వరాలకు ప్రాధాన్యమిచ్చే పెంతెకొస్తు ఉద్యమం ఆ వివరణను అందిపుచ్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి డేరా సభల్లో అది వేలమందిని కదిలించింది. తెలుగు నేల మీదకు అది డి.జి.ఎస్. దినకరన్ వంటి పొరుగు రాష్ట్ర బోధకుల సభల ద్వారా వచ్చి, ఆపైన ఇక్కడే పుట్టిన స్వతంత్ర పరిచర్యల ద్వారా పల్లెపల్లెకూ చేరింది. గుంటూరు శివార్లలో హోసన్నా మందిరం ఏటా జరిపే గుడారాల పండుగకు తరలివచ్చే లక్షల జనాన్ని చూస్తే ఈ స్వతంత్ర ధార ఎంత పెద్దదయిందో అర్థమవుతుంది. అలాగని సువార్త సంఘాలన్నీ ఒకే బాటలో లేవు. బ్రదరన్ సభలు, భక్త్‌సింగ్ (1903–2000) ప్రభావంతో ఏర్పడిన సహవాసాలు వాక్యధ్యానానికే పెద్దపీట వేస్తాయి. వేదికల మీద స్వస్థత ప్రకటించడం వాటి పద్ధతి కాదు.

జ్ఞాపకాల వైపు మళ్లిన ప్రార్థన

మనసు గాయాల బోధ దీనికి తరువాయి మెట్టు. చైనాలో మిషనరీ కుటుంబంలో పుట్టిన ఆగ్నెస్ శాన్‌ఫర్డ్ (1897–1982) ‘జ్ఞాపకాల స్వస్థత’ అన్న ఆలోచనను అమెరికా చర్చిల్లో ప్రచారం చేశారు. గతంలో తగిలిన దెబ్బ ఇప్పటి కోపంగా, భయంగా, నిద్రలేమిగా బయటపడుతుందని, ఆ జ్ఞాపకంలోకి క్రీస్తును ఆహ్వానిస్తే అది మానుతుందని ఈ ఆలోచన సారం. 1970లలో ఫ్రాన్సిస్ మెక్‌నట్ వంటివారి ద్వారా ఇది కథోలికుల్లోనూ ఆత్మవరాలను నమ్మే కరిస్మాటిక్ వర్గాల్లోకి ప్రవేశించింది. భారతదేశంలో మిషనరీగా పనిచేసి వెళ్లిన మెథడిస్టు పాస్టరు డేవిడ్ సీమండ్స్ 1981లో వెలువరించిన పుస్తకంతో సాధారణ సువార్త సంఘాలకూ చేరింది. అంతకు ఏడాది ముందే, 1980లో, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగ నిర్ధారణ గ్రంథంలో మనోగాయం తర్వాత వచ్చే రుగ్మతకు తొలిసారి చోటు కల్పించింది. అంటే చర్చీ, వైద్యశాస్త్రమూ ఒకే కాలంలో, వేర్వేరు దారుల్లో, పాత గాయం అన్న అంశానికి వచ్చి చేరాయి. ఇప్పటి ప్రసంగాల్లో ఈ రెండు భాషలూ కలగలిసి వినిపించడానికి కారణం ఇదే.

అనువాద పుస్తకాలు, తమిళనాడు, కేరళ రిట్రీటులు, యూట్యూబ్ ప్రసంగాలు, అమెరికాలోని తెలుగు సంఘాలతో రాకపోకలు ఈ బోధను కృష్ణా, గుంటూరు ప్రాంతానికి తెచ్చాయి. అది ఇక్కడ నిలదొక్కుకోవడానికి మాత్రం స్థానిక కారణాలే ఉన్నాయి. పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉన్న ఇళ్లు పెరిగాయి. రెండు నగరాలూ ఇంటర్మీడియట్, ప్రవేశ పరీక్షల శిక్షణకు కేంద్రాలు కావడంతో హాస్టళ్లలోని యువతీయువకుల ఒత్తిడి సంఘాల యువజన కూడికల్లోకి వస్తోంది. కోవిడ్ రోజుల్లో అంత్యక్రియలు కూడా సరిగా జరపలేకపోయిన కుటుంబాల దుఃఖం ఇంకా మిగిలే ఉంది. ఇంట్లో చెప్పుకోలేనిది చెప్పుకోవడానికి చాలామందికి, ముఖ్యంగా స్త్రీలకు, సంఘం తప్ప మరో చోటు లేదు. మనస్తత్వ నిపుణుల దగ్గరికి వెళితే ‘పిచ్చి’ ముద్ర పడుతుందన్న భయం ఉన్నచోట, ప్రార్థనకు వెళ్లడం ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని పని.

ఉపవాస కూడికలో జరిగేది

శుక్రవారం ఉపవాస ప్రార్థన ఈ బోధ అమలయ్యే ప్రధాన వేదిక. పొద్దున పది దాటేసరికి చాపల మీద స్త్రీలు ఎక్కువగా, పురుషులు వెనక వరసలో కొద్దిమందిగా కూర్చుంటారు. గుమ్మం దగ్గర ప్రార్థన అవసరతలు రాసిన చీటీలు పోగవుతాయి. వాటిలో ‘కుటుంబ సమాధానం కొరకు’, ‘కుమారుని మారుమనస్సు కొరకు’, ‘బలహీనత నుండి విడుదల కొరకు’ అనే ఉంటుంది. భర్త చెయ్యి చేసుకుంటున్నాడని గానీ, కొడుకు గంజాయికి అలవాటు పడ్డాడని గానీ ఉండదు. అసలు సంగతి చాలాసార్లు పాస్టరుగారి భార్యకు, అంటే సంఘం ‘అమ్మగారు’ అని పిలిచే మనిషికి, వంటగది గుమ్మంలో చెవిలో చేరుతుంది. సంఘంలో జరిగే కౌన్సెలింగ్‌లో పెద్ద వాటా ఆమెదే అయినా అందులో ఆమెకు శిక్షణ గానీ, జీతం గానీ ఉండడం అరుదు.

వాక్యం ముగిశాక కీబోర్డు మంద్రస్థాయిలో మోగుతుండగా, కళ్లు మూసుకోమని, తమను గాయపరిచినవారిని తలుచుకోమని, పేరు పెట్టి ‘క్షమిస్తున్నాను’ అని చెప్పమని అడుగుతారు. ఏడుపులు మొదలవుతాయి. తలమీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు, కొన్నిచోట్ల నూనె రాస్తారు. చివరికి సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలును సభ ముందు చెప్పుకోవడం, ఉంటాయి.

ఇందులో పనిచేసే శక్తులు నాలుగున్నాయి. ఇంట్లో ఏడిస్తే అరిష్టమనో, పరువు తక్కువనో ఆపుకున్న ఏడుపుకు ఇక్కడ అనుమతి దొరుకుతుంది. పేరు పెట్టి చెప్పడం వల్ల రూపంలేని బాధకు రూపం వస్తుంది. పక్కనున్న మనిషి చెయ్యి తగలడం వల్ల ఒంటరితనం తగ్గుతుంది. పాట, లయ, దీర్ఘ శ్వాసలు శరీరాన్ని నెమ్మదింపజేస్తాయి. వీటి ఫలితంగా కలిగే ఉపశమనం నిజమైనదే. దాన్ని నటన అనో, మోసం అనో కొట్టిపారేసే విమర్శ అక్కడ జరిగేదాన్ని సరిగా చూడనిదే.

ఉపశమనం వేరు, మానడం వేరు. పెద్ద ప్రమాదాల తర్వాత బాధితులను ఒక్కసారి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతిని పాశ్చాత్య దేశాల్లో 1980ల నుంచి విరివిగా వాడారు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే, అలాంటి ఏకైక సమావేశం తర్వాతి రుగ్మతను ఆపలేదని తేలింది. కొందరి విషయంలో హాని కూడా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు దాని బదులు తక్షణ భద్రత, తిండి, నీడ, అయినవారితో కలపడం, ఒత్తిడి చేయకుండా వినడం సరైన తొలి సాయమని చెబుతోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్లకు అన్నం, మంచినీళ్లు మోసిన వారు, ఏ మతస్థులైనా, ఈ లెక్కన మనోగాయాలకు కూడా మొదటి చికిత్స చేసినట్టే.

జ్ఞాపకాలను తవ్వే పద్ధతిలో మరో చిక్కు ఉంది. కళ్లు మూసుకుని బాల్యంలోని దృశ్యాన్ని ఊహించుకోమని, అక్కడ ఏం కనిపిస్తోందో చెప్పమని పదేపదే అడిగితే, జరగనిది కూడా జరిగినట్టు గుర్తుకు రావచ్చు. చిన్నప్పుడు బజారులో తప్పిపోయామన్న కల్పిత సంఘటనను నమ్మించవచ్చా అని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో పరీక్షించగా, పాల్గొన్నవారిలో నాలుగో వంతు మంది దాన్ని పూర్తిగానో కొంతమేరకో ‘జ్ఞాపకం’ చేసుకున్నారు. నీకు గుర్తులేని గాయమేదో ఉందని, ప్రభువు చూపిస్తున్నాడని పాస్టరు ముందే సూచించే చోట ఈ ప్రమాదం పెరుగుతుంది. నింద పడేది సాధారణంగా కుటుంబంలోని మనిషి మీదే.

సాక్ష్యం బలం, సాక్ష్యం హద్దు

తెలుగు సువార్త జీవితంలో సాక్ష్యానికి ఉన్న స్థానం ప్రసంగానికి కూడా లేదంటే అతిశయోక్తి కాదు. చదువులేని కూలి స్త్రీ కూడా మైకు పట్టుకుని తన కథ తాను చెప్పుకోగల సభ మన సమాజంలో అరుదు. చెప్పుకోవడంలో మేలు ఉందనడానికి ఆధారమూ ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున, తమ జీవితంలోని గాయం గురించి రాయించారు. రాసిన వెంటనే వారు మరింత దిగులుపడ్డారు, కానీ తర్వాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది. తర్వాతి పరిశోధనలు ఈ ప్రభావం చిన్నదేనని సవరించినా, ఉందనే చెప్పాయి.

ఆ విద్యార్థులు రాసింది ఎవరి ఎదుటా చదవలేదు. కథ సుఖాంతం కావాలన్న షరతూ లేదు. మన సంఘాల సాక్ష్యానికి ఈ రెండూ ఉన్నాయి. ‘ఒకప్పుడు ఇలా ఉండేదాన్ని, ప్రభువు విడిపించాడు’ అన్న చట్రంలో కథ ముగియాలి. గాయం ఇంకా మానని మనిషికి, భర్త మళ్లీ తాగి వచ్చిన భార్యకు, ఆ మైకు దగ్గర చోటు లేదు. ఆమె రెండే పనులు చేయగలదు: మౌనంగా ఉండిపోవడం, లేదా మానకముందే మానిందని చెప్పడం. రెండోది చెప్పాక వెనక్కి రావడం మరీ కష్టం. ఎందుకంటే సంఘం ముందు తన విశ్వాసమే అబద్ధమైనట్టు అవుతుంది. ఆ సాక్ష్యం యూట్యూబ్‌లో కూడా పెట్టి ఉంటే, అత్తింటివారు, పిల్లల స్నేహితులు, రేపటి సంబంధాలవారు సైతం చూడగలిగే శాశ్వత పత్రంగా అది మిగిలిపోతుంది.

బైబిల్‌లో ఈ చట్రానికి బయట చాలా ఉంది. కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలు. 88వ కీర్తన ఆసాంతం మొరగానే సాగి, చీకటిలోనే ముగుస్తుంది. ఊరట మాట ఒక్కటీ రాదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నా అది పోలేదని 2 కొరింథీయులకు 12వ అధ్యాయం చెబుతుంది. ఆరాధనలో ఈ భాగాలు వినబడేది ఎక్కువగా భూస్థాపన కూడికల్లోనే. విజయ గీతాలతో మొదలై విజయ గీతాలతో ముగిసే ఆదివారం ఆరాధనలో వీటికి సమయం కేటాయించిన సంఘాలు తక్కువ.

గుణదలతో పోల్చి చూస్తే మరో తేడా తెలుస్తుంది. ఫిబ్రవరిలో విజయవాడలోని కథోలిక మరియమాత క్షేత్రం గుణదల కొండకు వచ్చే యాత్రికులు తలనీలాలు ఇస్తారు, కొవ్వొత్తి వెలిగిస్తారు, కొండెక్కి దిగుతారు. తమ బాధేమిటో ఎవరికీ చెప్పనవసరం లేదు. సువార్త సంప్రదాయం ఇలాంటి మొక్కుబడులను నిరాకరించి అన్నిటికీ మాటనే ఆధారం చేసుకుంది. ఫలితంగా నోరు విప్పగలిగినవారికి అది ఎక్కువ ఇచ్చింది, విప్పలేనివారికి తక్కువ ఇచ్చింది. స్వస్థతను నిర్ధారించడంలోనూ తేడా ఉంది. ఫ్రాన్స్‌లోని లూర్దులో కథోలిక సంఘం 1883లోనే వైద్య పరిశీలన కార్యాలయం పెట్టింది. అక్కడ నమోదైన 7,000కు పైగా స్వస్థతల్లో అద్భుతాలుగా గుర్తింపు పొందినవి 70కి కాస్త ఎక్కువ. స్వతంత్ర సంఘాల్లో అలాంటి జల్లెడ లేదు. మైకు దగ్గర చెప్పిందే రుజువు.

క్షమాపణ ఎప్పుడు?

అంతరంగ స్వస్థత బోధలో అత్యంత బలమైనదీ, అత్యంత దుర్వినియోగమయ్యేదీ క్షమాపణే. హెబ్రీయులకు రాసిన పత్రికలోని ‘చేదైన వేరు’ను ఆధారం చేసుకుని, క్షమించనంత వరకు స్వస్థత రాదని బోధకులు చెబుతారు. క్షమాపణపై దశాబ్దాలుగా పరిశోధించిన రాబర్ట్ ఎన్‌రైట్, ఎవరెట్ వర్దింగ్టన్ కూడా క్షమించినవారిలో దిగులు, కోపం తగ్గడాన్ని గుర్తించారు. వారి నిర్వచనాలు మాత్రం ఇక్కడి ప్రసంగాల్లో వినిపించేవాటి కన్నా జాగ్రత్తగా ఉంటాయి. క్షమించడమంటే తిరిగి కలిసిపోవడం కాదని, తప్పును తప్పు కాదనడం కాదని ఎన్‌రైట్ వేరు చేస్తారు. క్షమించాలని నిర్ణయించుకోవడం ఒకటి, మనసు నిజంగా కరగడం మరొకటి అని, రెండోదానికి కాలం పడుతుందని వర్దింగ్టన్ చెబుతారు.

మనోగాయాల చికిత్సలో అమెరికా మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో సూచించిన క్రమాన్ని నేటికీ చాలామంది పాటిస్తారు: ముందు భద్రత, తర్వాత గుర్తుచేసుకోవడమూ దుఃఖించడమూ, ఆ తర్వాత జీవితంతో మళ్లీ కలవడం. ఉపవాస కూడికలో ఈ వరస తలకిందులవుతుంది. పదకొండు గంటలకు క్షమించమంటారు, పన్నెండుకు గుర్తుచేసుకుని ఏడుస్తారు, మధ్యాహ్నం మూడింటికి దెబ్బలు తిన్న ఇంటికే తిరిగి వెళతారు. భద్రత సంగతి ఎవరి ఎజెండాలోనూ ఉండదు. లోపల చీము ఉండగానే పైన చర్మం మూసుకున్న పుండు వంటిది ఈ క్షమాపణ.

క్షమాపణకు ఆదర్శంగా చూపేది, అన్నలే బానిసగా అమ్మేసిన యోసేపు కథ. ఈ తొందరకు అదే సమాధానం. అన్నలు ఎదురుపడిన మొదటి రోజున అతడు తనెవరో చెప్పలేదు. ఆదికాండం 42 నుంచి 44 దాకా మూడు అధ్యాయాల పొడవునా వారిని పరీక్షించాడు, చాటుకు వెళ్లి ఏడ్చాడు, తమ్ముడికి బదులు తానే దాసుడిగా ఉంటానని అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే బయటపడ్డాడు. అప్పటికి అధికారం గాయపడినవాడి చేతిలో ఉంది, గాయపరిచినవారు మారిన రుజువు కళ్లముందుంది. ప్రసంగాలు సాధారణంగా 45వ అధ్యాయంలోని కౌగిలింత దగ్గరికి నేరుగా దూకుతాయి. మత్తయి 18లో డెబ్బై ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడుల సార్లు) క్షమించమన్న మాటకు ముందే, తప్పు చేసినవాడిని వెళ్లి గద్దించమని, వినకపోతే సాక్షులను తీసుకెళ్లమని ఉన్న సంగతీ ఆ వేగంలో దాటిపోతుంది.

మందు మానేసిన సాక్ష్యాలు

దేశంలో 2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఈ ఖాళీలో పాస్టరే తొలి వైద్యుడవుతున్నాడు. చాలామంది పాస్టర్లు ‘ప్రార్థన చేద్దాం, డాక్టరుకూ చూపించండి’ అనే అంటారు. స్తోమతు ఉన్నవారిని రాయవేలూరు (వెల్లూరు) క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపే అలవాటు పాత మిషను కుటుంబాల్లో ఇప్పటికీ ఉంది. మందు వాడడం అవిశ్వాసమని సూచించే చోట్ల మాత్రం నష్టం తీవ్రం, దానికో నిర్దిష్టమైన కారణముంది.

మానసిక రుగ్మతలకు వాడే చాలా మందులు ఆపిన మర్నాడే జబ్బు తిరగబెట్టదు. ముందు మగత పోతుంది, ఒళ్లు తేలికవుతుంది, మొహంలో కళ వస్తుంది. ఈ దశ కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. సాక్ష్యం చెప్పించేది సరిగ్గా ఈ సమయంలోనే. జబ్బు తిరగబెట్టేటప్పటికి ఆ మనిషి కూడికకు రాడు, వచ్చినా అతని చేతికి మైకు ఇవ్వరు. కాబట్టి సంఘం కంటికి విజయాలే కనబడతాయి, వైఫల్యాలు ఇళ్లలో ఉండిపోతాయి. ఇందులో ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు. మూర్ఛ మందుల విషయంలో ఈ పాటి గడువు కూడా ఉండకపోవచ్చు. హఠాత్తుగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

స్వస్థత రానప్పుడు కారణం రోగి మీదికి మళ్లడం ఇంకో నష్టం. విశ్వాసం చాలలేదు, దాచిన పాపముంది, తరతరాల శాపముంది అనే వివరణలు గాయం మీద నేరభావాన్ని చేరుస్తాయి. దేవుడు తనను వదిలేశాడని, శిక్షిస్తున్నాడని భావించే రోగుల ఆరోగ్యం ఎలా ఉంటుందో కెన్నెత్ పార్గమెంట్ బృందం పరిశీలించి 2001లో ప్రచురించింది. ఆసుపత్రిలో చేరిన పెద్ద వయసువారిని రెండేళ్లు గమనించగా, ఇలాంటి ఆత్మిక సంఘర్షణలో ఉన్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. దేవుడు తోడున్నాడన్న నమ్మకం తట్టుకునే శక్తినిస్తుందని కూడా ఆ బృందం పరిశోధనలే చెబుతాయి. అదే విశ్వాసం, ఏ రూపంలో మనిషికి అందిందన్నదాన్ని బట్టి, రెండు దిక్కులకూ పనిచేస్తుంది.

ఒక్కరి గాయంగా కనిపించని గాయాలు

అమెరికా నుంచి వచ్చిన ఈ బోధ గాయాన్ని ఒక వ్యక్తి బాల్యంలో, ఒక కుటుంబంలో వెతుకుతుంది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో క్రైస్తవ్యం వ్యాపించిన తీరు చూస్తే ఆ వెతుకులాట ఇరుకైనదిగా తోస్తుంది. 1876–78 కరువు వెంబడి, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారు ఒంటరి వ్యక్తులుగా కాక పల్లెలుగా, బంధువర్గాలుగా, అత్యధికులు మాదిగలుగా కదిలి వచ్చారు. అంటరానితనం అనే గాయానికి అప్పుడు దొరికిన మందు కూడా ఉమ్మడిదే: బడి, చదువు, ఒకే పాత్రలో పంచుకున్న ప్రభురాత్రి భోజనం, పేరుకు ముందు గౌరవం.

ఆ గాయం పూర్తిగా మానలేదు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేయగా, 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. చట్టపరంగా చూస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. రాష్ట్రంలో వారిని బీసీ–సీగా లెక్కిస్తారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా వారికి వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అందుకే అనేక కుటుంబాలు కాగితం మీద ఒక పేరుతో, సంఘంలో మరో పేరుతో బతుకుతాయి. నీ అవమానానికి కారణమైన తండ్రిని క్షమించు అని చెప్పే బోధకు, ఆ తండ్రి తాగుడు వెనక ఉన్న అవమానం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దళిత క్రైస్తవ వేదాంతులు 1980ల నుంచీ ఈ లోటునే ఎత్తిచూపుతున్నారు. స్వతంత్ర సంఘాల వేదికల మీదికి వారి మాట ఇంకా చేరలేదు.

సంఘమే గాయపరిచినప్పుడు

లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వంటి చర్చిలకు నియమావళి, కమిటీలు, బిషప్పు ఉంటారు. వాటి ఎన్నికల, ఆస్తుల తగాదాలు కోర్టుల్లో ఏళ్లకేళ్లు నడుస్తాయన్నది నిజమే అయినా, ఫిర్యాదు చేయడానికి ఒక మెట్టు పైన ఎవరో ఒకరున్నారు. స్వతంత్ర సంఘం చాలాసార్లు ఒక కుటుంబం చేతిలోని సొసైటీ లేదా ట్రస్టు. అక్కడ పాస్టరే గాయపరిస్తే పైన ఎవరూ లేరు. ‘అభిషిక్తుని ముట్టకూడదు’ అన్న 105వ కీర్తన మాటను అడ్డుపెట్టడం పరిపాటి. ఆ కీర్తనలో ఆ మాట చెప్పింది, దిక్కులేకుండా దేశాలు తిరుగుతున్న అబ్రాహాము కుటుంబాన్ని రాజుల నుంచి కాపాడడానికి. బలహీనులకు ఇచ్చిన రక్షణ బలవంతుడి కవచమైపోయింది.

చిన్నపిల్లల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. పాస్టర్లకు మినహాయింపు లేదు. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. ప్రార్థనలో చెప్పింది రహస్యంగా ఉంచాలన్న సంప్రదాయం ఇక్కడ చెల్లదు. అంతరంగ స్వస్థత కూడికల్లో బాల్య గాయాలు చెప్పించే సంఘాలకు ఇది దూరపు సంగతి కాదు. ఆ కూడికలో పదహారేళ్ల అమ్మాయి నోరు విప్పితే, ప్రార్థన ముగిసేలోపే ఆ బాధ్యత విన్నవారి మీద పడుతుంది.

రాబోయే రోజుల్లో

మనసు గురించి మాట్లాడడం సంఘాల్లో ఇక వెనక్కి పోదు. పాతికేళ్లలోపు విశ్వాసులు డిప్రెషన్, యాంగ్జయిటీ అన్న మాటలను సొంత మాటల్లా వాడుతున్నారు. వాటిని దురాత్మల ఖాతాలో వేస్తే వారు సంఘం మారతారు, లేదా ఊరుకుంటారు. కౌన్సెలింగ్ సర్టిఫికెట్ కోర్సులు చేసిన పాస్టర్లు పెరుగుతారు. కొద్ది వారాల శిక్షణతో నిపుణుల హోదా చెప్పుకునేవారూ పెరుగుతారు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో ఉచిత సలహా దొరుకుతుంది కాబట్టి, చీటీల పెట్టె పక్కన ఆ నంబరు అతికించడానికి ఖర్చేమీ ఉండదు.

ప్రార్థనాస్థలమూ వైద్యమూ మళ్లీ కలవగలవని చూపిన నమూనా ఒకటి గుజరాత్‌లో ఉంది. ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి ‘దవా–దువా’ (మందు–ప్రార్థన) పేరుతో మనోవైద్యులు కూర్చుంటున్నారు. దర్గా సేవకులైన ముజావర్లు ప్రార్థన చేసి, రోగిని పక్క గదిలోకి పంపుతారు. అక్కడ భక్తులు తగ్గలేదు, ముజావర్ల గౌరవమూ తగ్గలేదు. సువార్త సంఘాల్లో దీనికి దగ్గరగా రాగలిగినవి వేల మంది వచ్చే మైదానాలు కావు; పదిమంది స్త్రీలు వారానికొకసారి ఒకరింట్లో కలిసే గృహ కూడికలు. అక్కడ కెమెరా ఉండదు, సుఖాంతం కోసం ఎవరూ తొందరపెట్టరు. పోయిన వారం ఏడ్చిన మనిషి ఈ వారం రాకపోతే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి చూస్తారు. ఆ కూడికలను నడిపే అమ్మగార్లకు ఏ జబ్బును ఎక్కడికి పంపాలో, ఏ మాట విన్నప్పుడు పోలీసులకు చెప్పాలో నేర్పే పని ఇప్పటికి ఎక్కువ భాగం ఎవరి బాధ్యతగానూ లేదు.